ఉటంకింపులో పంక్తి ఎవరిది? - టెక్స్ట్ ఎడిటర్ పునర్విన్యాసం, పాఠ ప్రామాణ్యం

వ్యాససంగ్రహం

సాహిత్య పరిశోధనలో ఉటంకింపు సాక్ష్యం. ఆ సాక్ష్యం నేడు గ్రంథం నుంచి వ్యాసంలోకి నేరుగా రావడం లేదు. టెక్స్ట్ ఎడిటర్, వర్డ్ ప్రాసెసర్, వెబ్ పుట అనే మజిలీలు దాటి వస్తోంది. ప్రతి మజిలీలోనూ ఉటంకించిన పేరా తిరిగి అమరుతుంది. పంక్తులు కలుస్తాయి, కొత్తచోట విరుగుతాయి. ఈ పునర్విన్యాసాన్ని కేవలం సాంకేతిక వ్యవహారంగా చూడడం వల్ల వచనం, పద్యం, శాసనం, వచనకవిత అనే నాలుగు రకాల పాఠాలకు నాలుగు విధాలైన నష్టం కలుగుతోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పంక్తిని రచయిత విరిచాడా, పుట విరిచిందా, యంత్రం విరిచిందా అని నిర్ణయించడం పాఠపరిష్కరణలో భాగమేనని, ఆ నిర్ణయం ఉటంకించే పరిశోధకుడి బాధ్యత అని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఉటంకింపు, పంక్తి, పాదం, పునర్విన్యాసం, టెక్స్ట్ ఎడిటర్, పాఠపరిష్కరణ, వచనకవిత.

1. ప్రవేశిక

తెలుగు పరిశోధనలో పాఠ ప్రామాణ్యాన్ని గురించిన చర్చ చాలావరకు అక్షరం చుట్టూ, పదం చుట్టూ సాగింది. అరసున్న ఉన్నదా లేదా, శకటరేఫమా సాధురేఫమా, ఏ ప్రతిలో ఏ పాఠాంతరం ఉన్నది అన్న ప్రశ్నలకు మన పరిష్కర్తలు ఎంతో శ్రమించి సమాధానాలు వెతికారు. ఆ శ్రమ ఫలితంగా ఉటంకింపులో ఒక అక్షరం మారితే దోషంగా గుర్తించే అలవాటు పరిశోధక లోకంలో స్థిరపడింది. పంక్తి విషయంలో అటువంటి పట్టింపు కనిపించదు. నాలుగు పాదాల పద్యం రెండున్నర పంక్తుల్లో అచ్చయినా, పది పంక్తుల కవితాఖండిక ఒక పేరాగా మారినా, దాన్ని పాఠదోషంగా కాక అచ్చు అందానికి సంబంధించిన లోపంగానే పరిగణిస్తారు.

ముద్రణ కాలంలో ఈ ఉపేక్షకు కొంత సమర్థన ఉండేది. కంపోజిటరు ప్రతిని ముందు పెట్టుకుని పంక్తివెంట పంక్తి కూర్చేవాడు. పంక్తి మారితే అది ఒక మనిషి చేతిమీదుగా జరిగిన మార్పు. కంప్యూటర్‌లో పంక్తి మార్చడానికి ఎవరూ పూనుకోనక్కరలేదు. ఒక ఆదేశంతో, కొన్నిసార్లు ఆదేశం లేకుండానే, ఉటంకించిన పేరా మొత్తం కొత్త వెడల్పుకు సర్దుకుంటుంది. ఒక్క అక్షరం కూడా పోదు. అందువల్లనే జరిగిన మార్పు ప్రూఫు దిద్దేవారి కంటికి ఆనదు.

2. పంక్తికి ముగ్గురు కర్తలు

పుటమీద కనిపించే పంక్తి ముగింపు మూడు కారణాల్లో ఏదో ఒకదానివల్ల ఏర్పడుతుంది. మొదటిది రచయిత సంకల్పం. వచనకవితలో పంక్తి, నాటకంలో పాత్ర మారినచోట మొదలయ్యే కొత్త పంక్తి ఇందుకు ఉదాహరణలు. రెండోది ఆధారవస్తువు పరిమితి. తాళపత్రం పొడవు, రాతి వెడల్పు, పుస్తకపు పుట వెడల్పు పంక్తిని నిర్ణయిస్తాయి. మూడోది యంత్రం లెక్క. ఎడిటర్‌లో నిర్దేశించిన నిడివి దాటగానే పంక్తి విరుగుతుంది.

ఆంగ్ల పాఠపరిష్కరణ శాస్త్రంలో డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ 1950-51లో ప్రచురించిన వ్యాసంలో పాఠాంశాలను రెండుగా విభజించాడు. అర్థాన్ని ప్రభావితం చేసే పాఠాలు ఒక వర్గం. వర్ణక్రమం, విరామచిహ్నాలు, పదవిభాగం వంటి బాహ్యాంశాలు మరో వర్గం. పంక్తిని ఏ వర్గంలో చేర్చాలన్న ప్రశ్నకు అన్ని ప్రక్రియలకూ వర్తించే సమాధానం లేదు. వచనంలో పంక్తి బాహ్యాంశం. వచనకవితలో అది పాఠమే. పద్యంలో పంక్తి బాహ్యాంశమే అయినా అది సూచించే పాదం పాఠం. శాసనంలో పంక్తి భౌతిక సాక్ష్యం. ఉటంకించిన భాగాన్ని తిరిగి అమర్చే యంత్రానికి ఈ భేదం తెలియదు. దానికి అన్నీ పేరాలే.

3. ఎడిటర్ పేరాను అమర్చే తీరు

టెక్స్ట్ ఎడిటర్లలో పేరాను తిరిగి అమర్చే ఏర్పాటు చాలా పాతది. 1985లో తొలిసారి విడుదలైన గ్నూ ఈమాక్స్‌లో దీనికి 'ఫిల్ పేరాగ్రాఫ్' అనే ఆదేశం ఉంది. వేరే నిడివి చెప్పకపోతే అది 70 నిలువు వరుసలకు పంక్తులను సర్దుతుంది. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఎడిటర్‌లో ఇదే పనిని 'జీక్యూ' ఆదేశం చేస్తుంది. నిడివి నిర్దేశించకపోతే అది తెర వెడల్పును తీసుకుంటుంది, 79 వరుసలకు మించదు.

పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట పేరాలోని పంక్తులన్నీ కలుస్తాయి. పంక్తి ముగింపు ఉన్నచోట ఒక ఖాళీ చేరుతుంది. తరువాత నిడివికి లోబడిన చివరి ఖాళీ దగ్గర పంక్తి విరుగుతుంది. పేరా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి ఎడిటర్ సాధారణంగా ఖాళీ పంక్తిపై ఆధారపడుతుంది. కాబట్టి మధ్యలో ఖాళీ పంక్తి లేకుండా ఒకదాని కింద ఒకటి వచ్చే పంక్తులన్నీ దాని దృష్టిలో ఒకే పేరా. పద్యంలోని నాలుగు పాదాలు, నాటకంలోని నాలుగు సంభాషణలు, జాబితాలోని నాలుగు పేర్లు ఈ విషయంలో సమానమే.

ఈ ఏర్పాటు పుట్టిన వాతావరణం ఆంగ్లానిది. ఈ-మెయిల్ ప్రమాణాల్లో పంక్తికి 78 అక్షరాలు మించకూడదన్న సిఫారసు 80 నిలువు వరుసల తెరలను దృష్టిలో ఉంచుకుని చేసినది. తెలుగులో 'స్త్రీ' అన్నది చదువరికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల కూర్పు, యూటీఎఫ్-8 నిల్వలో 18 బైట్లు. ఎడిటర్ లెక్కకూ ఛందశ్శాస్త్రం లెక్కకూ అక్షరమంటే ఒకటే వస్తువు కాదు. గణవిభజనకు అలవాటుపడిన తెలుగు పరిశోధకుడు ఈ భేదాన్ని తేలికగానే గ్రహించగలడు.

4. ఉటంకింపు గుర్తు నేర్పే పాఠం

ఈ-మెయిల్ ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఎదుటివారి మాటను ఉటంకించేటప్పుడు ప్రతి పంక్తి మొదటా '>' గుర్తు ఉంచడం ఆచారం. ఉటంకింపులో మరో ఉటంకింపు ఉంటే గుర్తులు రెండవుతాయి. గుర్తుల సంఖ్యను బట్టి మాట ఎవరిదో తెలుస్తుంది. అయితే గుర్తు చేరడంతో పంక్తి నిడివి పెరుగుతుంది. పరిమితి దాటిన పంక్తిని గుర్తు సంగతి తెలియని యంత్రం విరిస్తే ఫలితం ఇలా ఉంటుంది:

> ఈ పద్యంలోని ఉపమానం మూలంలో లేదని సంపాదకుల
అభిప్రాయం.
> దాన్ని మరో ప్రతితో పోల్చి చూడాలి.

రెండో పంక్తి గుర్తు కోల్పోయింది. ఉటంకించినవారి మాటగా ఉండవలసిన 'అభిప్రాయం' జవాబు రాస్తున్నవారి మాటగా మారింది. ఇక్కడ పోయినది అందం మాత్రమే కాదు, మాటకు కర్త.

ఈ చిక్కును తీర్చడానికి రెండు మార్గాలు ఏర్పడ్డాయి. ఒకటి ఎడిటర్‌కు గుర్తును గుర్తించడం నేర్పడం. విమ్ ఎడిటర్ '>' గుర్తును ఒకదానిలో ఒకటి ఇమిడే ఉపసర్గగా పరిగణించి, పేరాను తిరిగి అమర్చినప్పుడు ప్రతి కొత్త పంక్తికీ దాన్ని మళ్లీ చేరుస్తుంది. ఈమాక్స్‌లోనూ పంక్తి ఉపసర్గను గ్రహించి నిలిపే సదుపాయం ఉంది. రెండో మార్గం పంక్తి ముగింపునే రెండు రకాలుగా గుర్తించడం. 2004లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3676 అనే ప్రమాణపత్రం ఖాళీతో ముగిసే పంక్తిని ప్రవాహ పంక్తిగా, ఖాళీ లేకుండా ముగిసే పంక్తిని స్థిర పంక్తిగా నిర్వచించింది. ప్రవాహ పంక్తి తరువాతి పంక్తితో కలవవచ్చు. స్థిర పంక్తి కలవకూడదు. అదే సంవత్సరం జాన్ గ్రూబర్ రూపొందించిన మార్క్‌డౌన్ పద్ధతి '>' గుర్తును ఈ-మెయిల్ ఆచారం నుంచే తీసుకుంది. అందులో గుర్తుల అర్థం తారుమారైంది: పంక్తి నిలవాలంటే చివర రెండు ఖాళీలు ఉంచాలి, లేకపోతే కలిసిపోతుంది.

ఈ రెండు మార్గాల్లోనూ ఉన్న సూత్రం ఒకటే. పంక్తిని ఎవరు విరిచారో యంత్రం ఊహించలేదు, రాసినవారు చెప్పాలి. తెలుగు పరిశోధన వ్యాసంలో ఉటంకింపు ఈ సూత్రాన్ని పాటిస్తున్నదా అన్నది పరిశీలించవలసిన విషయం.

5. వచనం: ఆరంభం చెప్పని 'అని'

వచనాన్ని ఉటంకించేటప్పుడు మూలంలోని పంక్తులను నిలపనక్కరలేదు. అవి పుట వెడల్పువల్ల ఏర్పడినవి. నిలపవలసినవి రెండు: పేరా విభజన, ఉటంకింపు ఎల్లలు. తెలుగు వాక్యం ఎల్లలను ఒక ప్రత్యేక పద్ధతిలో సూచిస్తుంది. ఉటంకింపు ముగిసిందని 'అని' చెబుతుంది. ఎక్కడ మొదలైందో చెప్పే పదం వాక్యంలో ఉండి తీరాలన్న నియమం లేదు. కర్త ముందు వచ్చి, సుదీర్ఘమైన ఉటంకింపు నడిచి, చివర 'అని అన్నారు' వస్తుంది. మాట్లాడేటప్పుడు కంఠస్వరం ఆరంభాన్ని తెలుపుతుంది. అచ్చులో ఆ పని చేసేది ఉద్ధరణ చిహ్నం, లేదా ఎడమవైపు వదిలిన జాగా.

తిరిగి అమర్చడంలో మొదట పోయేది ఆ జాగానే. సాదా పాఠంగా మార్చి అతికించినప్పుడు వర్డ్ ప్రాసెసర్‌లోని పేరా అమరిక రాదు. ఉటంకింపు ముందు పేరాతో కలిసిపోతే, విమర్శకుడి ఉపోద్ఘాత వాక్యం ఉటంకించిన రచయితకు చేరవచ్చు, లేదా రచయిత మొదటి వాక్యం విమర్శకుడిది కావచ్చు. ఒక విమర్శకుడు మరొక విమర్శకుణ్ణి, ఆయన కవినీ ఉటంకించిన సందర్భంలో ఈ చిక్కు మూడింతలవుతుంది. 'అని' వరుసగా రెండుసార్లు వచ్చినా లోపలి ఉటంకింపు ఎక్కడ మొదలైందో తేలదు. ఈ-మెయిల్‌లోని రెండు గుర్తుల పంక్తి ఇచ్చే స్పష్టత మన వ్యాసాల్లోని ద్వితీయ ఉటంకింపులకు తరచుగా ఉండదు.

దీనికి సంస్థాగతమైన పర్యవసానం కూడా ఉంది. యూజీసీ 2018లో తెచ్చిన విద్యావిషయక నిజాయితీ నిబంధనలు సాదృశ్యాన్ని 10 శాతం వరకు స్వల్ప సాదృశ్యంగా వదిలివేస్తాయి, సక్రమంగా ఆధారం పేర్కొన్న ఉటంకింపులను లెక్కనుంచి మినహాయిస్తాయి. ఉటంకింపును ఉటంకింపుగా చూపే బాహ్య సంకేతాలు అమరికలో పోతే, పరిశోధకుడు నిజాయితీగా పేర్కొన్న భాగమే అపహరణగా కనిపించే అవకాశం ఉంది.

నాటక సంభాషణల విషయంలో నష్టం మరింత ప్రత్యక్షం. 'కన్యాశుల్కం' వంటి నాటకంలో పాత్రను బట్టి భాష మారుతుంది. మాండలిక పరిశీలనకు, పాత్రోచిత భాషా పరిశీలనకు ఏ మాట ఏ పాత్రదన్నదే ఆధారం. సంభాషణల మధ్య ఖాళీ పంక్తి లేకపోతే ఎడిటర్ వాటన్నిటినీ ఒకే పేరాగా కలుపుతుంది. పాత్ర పేరు పంక్తి మొదటినుంచి పేరా మధ్యకు జారి సంబోధనలా కనిపిస్తుంది. ఎవరు అన్నారో చెప్పవలసిన పేరు, ఎవరితో అన్నారో చెప్పే పేరుగా మారుతుంది.

6. పద్యం: పంక్తి పోయినా నిలిచే పాదం

పద్యం విషయంలో ఛందస్సు పరిశోధకుడికి గొప్ప రక్షణ. తాళపత్ర ప్రతుల్లో పద్యాలను పాదానికొక పంక్తిగా రాయలేదు. పత్రం పొడవునా వరుసగా రాశారు. 'క.', 'సీ.', 'వ.' వంటి సంకేతాలు, ఛందోజ్ఞానం పాదాలను విడదీయడానికి చాలినవి. పాదానికొక పంక్తి అన్నది ప్రధానంగా ముద్రణయుగంలో పరిష్కర్తలు పాఠకుడి సౌకర్యానికి స్థిరపరచిన విన్యాసం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. ఈ లెక్క తెలిసినవారు ఒక పేరాగా మారిన ఉత్పలమాలను తిరిగి నాలుగు పాదాలుగా నిలబెట్టగలరు.

అయినా రెండు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది పదం మధ్యలో చేరే ఖాళీ. తెలుగు పద్యంలో పదం పాదాంతంలో ముగియాలన్న నియమం లేదు. ఒక పాదం చివర 'మనో' అని ఉండి తరువాతి పాదం 'హరము' అని మొదలుకావచ్చు. ఎడిటర్ పంక్తులను కలిపినప్పుడు పంక్తి ముగింపును ఖాళీగా మారుస్తుంది కాబట్టి 'మనో హరము' అవుతుంది. గణాలకు నష్టం లేదు. సమాసానికి, పదసూచిక తయారీకి, కంప్యూటర్‌లో పదాన్వేషణకు నష్టం ఉంది. 'మనోహరము' కోసం వెతికినవారికి ఆ పద్యం దొరకదు. నిఘంటు నిర్మాణానికీ పదప్రయోగ పరిశోధనకూ డిజిటల్ పాఠాలను ఆశ్రయిస్తున్న నేటి పరిస్థితిలో ఇది స్వల్ప విషయం కాదు.

విమ్‌లో పంక్తులను కలిపేటప్పుడు బహుబైట్ అక్షరాల మధ్య ఖాళీ చేర్చవద్దని చెప్పే ఐచ్ఛికం ఉంది. పదాల మధ్య ఖాళీ ఉంచని చైనీస్, జపనీస్ వంటి లిపులకు అది అనువైనది. దాన్ని తెలుగుకు వర్తింపజేస్తే పదాంతంలో విరిగిన పంక్తులు కూడా అతుక్కుంటాయి. ఒక అమరికలో పదాలు తెగుతాయి, మరో అమరికలో పదాలు అంటుకుంటాయి. ఆర్‌ఎఫ్‌సీ 3676లోని 'డెల్‌స్పేస్' అనే ఐచ్ఛికం ఇందుకు ఒక దారి చూపుతుంది. దాని ప్రకారం పంక్తులను కలిపేటప్పుడు చివరి ఖాళీ ఒకటి తొలగుతుంది. పదం తెగినచోట ఒక ఖాళీ, పదం ముగిసినచోట రెండు ఖాళీలు ఉంచితే రెండూ సరిగా కలుస్తాయి. ఇక్కడ కూడా భేదాన్ని ముందుగా గుర్తించి తెలపవలసినది మనిషే.

రెండో ప్రమాదం పంక్తిని పాదంగా భ్రమించడం. సీసపద్య పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉంటాయి. పాదం దీర్ఘం కాబట్టి నాలుగేసి గణాల చొప్పున రెండు పంక్తుల్లో అచ్చువేయడం వాడుక. సీసానికి ఎనిమిది పంక్తులు, ఎత్తుగీతికి నాలుగు కలిసి పుటమీద 12 పంక్తులు కనిపిస్తాయి. పాదాలు మాత్రం నాలుగు, నాలుగు. పంక్తి సంఖ్యతో పద్యభాగాన్ని సూచించే వ్యాసంలో ఈ భేదం పాటించకపోతే సూచన తప్పుతుంది.

7. శాసనం: రాతి పంక్తి, ఛందస్సు పాదం

శాసన పాఠంలో పంక్తి రాతికి చెందినది. అందుకే 'ఎపిగ్రాఫియా ఇండికా' సంప్రదాయంలో శాసన పాఠాన్ని పంక్తి సంఖ్యలతో ప్రకటిస్తారు. శిథిలమైన అక్షరం ఎక్కడ ఉన్నదో, పూరించిన పాఠం ఏ పంక్తిలోనిదో తెలియడానికి ఆ సంఖ్యలే ఆధారం. పద్యశాసనమైతే రాతి పంక్తి, ఛందస్సు పాదం అనే రెండు విభజనలు ఒకే పాఠంమీద ఉంటాయి. ఎడిటర్ తిరిగి అమరిస్తే మూడో విభజన వచ్చి చేరుతుంది. పంక్తి మొదట ఉన్న సంఖ్య పేరా మధ్యకు వచ్చి, శాసనంలోని అంకెగానో తేదీగానో పొరబడే వీలు ఏర్పడుతుంది.

క్రీ.శ. 848 నాటి అద్దంకి పండరంగని శాసనంలోని పద్యం తరువోజ. తరువోజ పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అన్న వరుస రెండుసార్లు వస్తుంది. ఆ వరుసలో సగం ద్విపద పాదంతో సమానం. తరువోజ పాదాన్ని సగానికి విరిచి ఎనిమిది పంక్తులుగా అమరిస్తే, చూపుకు అది ద్విపదలా ఉంటుంది. ద్విపదలో జంటపాదాలకు ప్రాస ఉండాలి. తరువోజను విరిచినప్పుడు సగాల మధ్య ఆ ప్రాసకు నియమం లేదు కాబట్టి, ప్రాసనియమం లేని మంజరీద్విపదగా భావించే వీలుంది. పంక్తి విడిచి పంక్తికి ప్రాస కుదరడం గమనించినవారికే అసలు పద్యరూపం దొరుకుతుంది. తెలుగు ఛందోరూపాల తొలి చరిత్రకు సాక్ష్యమైన పాఠంలో పంక్తి విన్యాసం ఛందస్సు పేరునే తారుమారు చేయగలదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

8. వచనకవిత: పుటలో తప్ప మరెక్కడా లేని పంక్తి

పద్యానికి ఉన్న ఛందోరక్షణ వచనకవితకు లేదు. గణం, యతి, ప్రాస లేనిచోట పంక్తి ఎక్కడ విరిగిందో పుట మాత్రమే చెప్పగలదు. పుటలోని విన్యాసం పోతే దాన్ని పాఠం నుంచి తిరిగి ఊహించడానికి నియతమైన ఆధారం ఏదీ మిగలదు. ఉదాహరణ కోసం కూర్చిన ఈ మూడు పంక్తులను చూడవచ్చు:

ఊరు ఖాళీ అయింది
నిన్న
వచ్చిన ఉత్తరం తెరవలేదు

ఇక్కడ 'నిన్న' పై పంక్తికీ కింది పంక్తికీ సమానంగా చెందుతుంది. ఊరు ఖాళీ అయినది నిన్ననా, ఉత్తరం వచ్చినది నిన్ననా అన్న సందేహాన్ని ఒంటరి పంక్తి నిలిపి ఉంచింది. ఇదే ఎడిటర్‌లో తిరిగి అమరితే 'ఊరు ఖాళీ అయింది నిన్న వచ్చిన ఉత్తరం తెరవలేదు' అవుతుంది. తెలుగు వచనంలో విశేషణం తరువాతి క్రియకు అంటుకోవడం సహజం కాబట్టి 'నిన్న వచ్చిన ఉత్తరం' అన్న ఒక్క అన్వయమే చదువరికి తోస్తుంది. ఒక్క అక్షరం మారకుండానే ఒక అర్థం తొలగిపోయింది.

వచనకవితా శిల్పాన్ని గురించిన పరిశోధనలో విరుపు, లయ, పంక్తి నిడివి, పునరుక్తి వంటి అంశాలు ప్రధానం. ఆ అంశాలను నిరూపించడానికి ఉటంకించిన ఖండికే పేరాగా మారి ఉంటే, వాదానికీ సాక్ష్యానికీ పొంతన ఉండదు. విరుపును గురించి రాసిన వాక్యం కింద విరుపు లేని ఉటంకింపు ఉంటుంది. ఆ ఉటంకింపును మరో పరిశోధకుడు మూలం చూడకుండా స్వీకరిస్తే, దోషం తరువాతి సిద్ధాంతగ్రంథంలోకి ప్రవేశిస్తుంది. లేఖక పరంపరలో ఒక ప్రతిలోని తప్పు దాని పుత్రికా ప్రతులన్నిటికీ సంక్రమించడం పాఠపరిష్కర్తలకు తెలిసినదే. డిజిటల్ ప్రతుల విషయంలో ఆ సంక్రమణ ఇంకా వేగంగా జరుగుతుంది.

దీనికి ఎదురు దోషం కూడా ఉంది. పీడీఎఫ్ నుంచి పాఠాన్ని కాపీ చేసినప్పుడు పుట వెడల్పువల్ల విరిగిన పంక్తి కూడా స్థిర పంక్తిగా రావచ్చు. కవి రాసిన ఒక దీర్ఘ పంక్తి చిన్న పుటలో రెండుగా అచ్చయి ఉంటే, వ్యాసంలో అది రెండు పంక్తులుగా స్థిరపడుతుంది. కవి చేయని విరుపు కవికి అంటుతుంది. కాబట్టి కనిపించిన పంక్తులన్నిటినీ యథాతథంగా నిలపడం కూడా విశ్వసనీయత కాదు. కలిపివేయడం, విరిచివేయడం రెండూ ఒకే నిర్ణయాన్ని తప్పించుకోవడంవల్ల వచ్చే దోషాలు.

9. ఆక్షేపాలు - సమాధానాలు

ఈ వాదంమీద మూడు ఆక్షేపాలు రావచ్చు. తాళపత్రాల్లో లేని పంక్తివిభజనకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్నది మొదటిది. తాళపత్రం మోసినది ఛందోబద్ధమైన పాఠాన్ని, దాన్ని చదివినది ఛందస్సు తెలిసిన పాఠకుడు. వచనకవిత అచ్చుపుటను ఆధారం చేసుకుని ఎదిగిన ప్రక్రియ. మొదటిదానికి చెల్లిన ఉదాసీనత రెండోదానికి చెల్లదు.

అర్థం తెలిస్తే చాలు, అమరికతో పనిలేదన్నది రెండోది. వచనంలోని విషయాన్ని మాత్రమే స్వీకరించే సందర్భంలో ఇది కొంతవరకు ఒప్పుకోదగినది. అటువంటప్పుడు ఉటంకింపుకంటె సొంత మాటల్లో సంగ్రహించడమే ఉచితం. యథాతథంగా ఉటంకించడమంటేనే రూపాన్ని కూడా సాక్ష్యంగా స్వీకరించడం.

అమరిక డీటీపీ చేసేవారి పని అన్నది మూడోది. డీటీపీ చేసేవారు తమకు అందిన ఫైలులో ఉన్న గుర్తులను బట్టి పనిచేస్తారు. స్థిర పంక్తి ఏదో ప్రవాహ పంక్తి ఏదో ఆ ఫైలులో లేకపోతే, ఎంత నిపుణులైనా ఊహించవలసిందే. మూల గ్రంథం ముందున్నది పరిశోధకుడికే. ఆ భేదం తెలియగల వ్యక్తి కూడా అతడే.

10. పాటించదగిన పద్ధతి

పై చర్చ నుంచి కొన్ని ఆచరణ నియమాలను రూపొందించుకోవచ్చు. మొదటగా, ఉటంకించే ముందే ఆ భాగం ఏ రకానికి చెందినదో నిర్ణయించాలి. వచనమైతే పంక్తులను కలిపి పేరాలను నిలపాలి. పద్యమైతే పాదాలను నిలిపి, పాదాంతంలో తెగిన పదాన్ని గమనించి ఆ చోట ఖాళీ చేరకుండా చూడాలి. శాసనమైతే రాతి పంక్తి సంఖ్యలను పాఠం లోపల కుండలీకరణాల్లో ఉంచాలి. పంక్తి మొదట విడిగా ఉన్న సంఖ్యకంటె పాఠం లోపల ఉన్న సంఖ్య పునర్విన్యాసాన్ని తట్టుకుంటుంది. వచనకవిత అయితే ప్రతి పంక్తినీ స్థిర పంక్తిగా గుర్తించాలి.

రెండోది, ఆ నిర్ణయాన్ని ఫైలులో నమోదు చేయాలి. వర్డ్ ప్రాసెసర్‌లో ఎంటర్ మీట కొత్త పేరాను, షిఫ్ట్‌తో కలిపి నొక్కిన ఎంటర్ అదే పేరాలో కొత్త పంక్తిని ఇస్తాయి. ఖండికలోని పంక్తులకు రెండోదాన్ని, ఖండికల మధ్య మొదటిదాన్ని వాడితే భేదం ఫైలులోనే నిలుస్తుంది. ఈమాక్స్ వాడేవారికి స్థిర, ప్రవాహ పంక్తులను వేరుగా గుర్తించే ఏర్పాటు అందుబాటులో ఉంది. ఒకటి రెండు పంక్తులను వాక్యంలోనే ఉటంకించవలసివస్తే పంక్తి ముగింపును ఏటవాలు గీతతో, ఖండిక ముగింపును జంట గీతలతో చూపడం ఉచితం.

మూడోది, ఉటంకింపులో ఉటంకింపు వచ్చినప్పుడు లోపలిదానికి వేరే చిహ్నం వాడి, ఎవరి ద్వారా గ్రహించినదో వాక్యంలోనే చెప్పాలి. 'అని' ఉటంకింపు జాగాకు వెలుపల ఉండాలి. నాలుగోది, మూలంలోని పంక్తివిభజనను మార్చినచోట, ఒత్తి చెప్పినది వ్యాసకర్త అని సూచించినట్లే, ఆ సంగతిని సూచించాలి. ఐదోది, తుది ప్రూఫును పూర్వపు ఫైలుతో కాక మూల గ్రంథంతో పోల్చాలి. ఫైలుతో పోల్చినప్పుడు అక్షరాలన్నీ సరిపోతాయి, పంక్తిదోషం బయటపడదు.

ఈ-పత్రికలకు కూడా ఇందులో కొంత బాధ్యత ఉంది. వెబ్ పుట పాఠకుడి తెరను బట్టి మారుతుంది. ఫోను తెరమీద దీర్ఘ పంక్తి విరగక తప్పదు. విరిగిన మిగులుభాగాన్ని కొంత లోపలికి జరిపి చూపితే, అది కొత్త పంక్తి కాదని పాఠకుడికి తెలుస్తుంది. కవితాసంపుటాల ముద్రణలో ఉన్న ఈ మర్యాదను వెబ్ పుటలోనూ పాటించవచ్చు. సమీక్షకులకు పంపే సూచనల్లో ఉటంకింపుల పంక్తివిభజనను కూడా పరిశీలనాంశంగా చేర్చడం మేలు.

11. ముగింపు

టెక్స్ట్ ఎడిటర్ ఉటంకించిన పేరాను తిరిగి అమర్చడంలో దురుద్దేశం లేదు, దోషం కూడా లేదు. తనకు చెప్పిన నిడివికి తనకు తెలిసిన పేరాను సర్దడం దాని పని. తనకు చెప్పని భేదాన్ని అది పాటించలేదు. ఈ-మెయిల్ ప్రమాణాలను రూపొందించినవారు ఈ సంగతిని గ్రహించి, మాట ఎవరిదో పంక్తి మొదట, పంక్తి కలవవచ్చో లేదో పంక్తి చివర గుర్తించే ఏర్పాటు చేశారు. రోజువారీ ఉత్తరాలకే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, కావ్యానికీ శాసనానికీ కవితకూ సాక్ష్యంగా నిలవవలసిన ఉటంకింపులకు అంతకంటె తక్కువ జాగ్రత్త చాలదు.

పద్యంలో పంక్తి పోతే ఛందస్సు దాన్ని తిరిగి ఇస్తుంది. వచనంలో పోతే పెద్ద నష్టం లేదు. శాసనంలో పోతే ప్రతిబింబాన్ని మళ్లీ చూడాలి. వచనకవితలో పోతే మూల ముద్రణ దొరికితే తప్ప తిరిగి రాదు. చిన్న పత్రికల్లో, సంచికల్లో చెదిరి ఉన్న కవితల విషయంలో ఆ మూల ముద్రణ అందరికీ అందుబాటులో ఉండదు. అటువంటి కవితకు పరిశోధన వ్యాసంలోని ఉటంకింపే తరువాతి తరానికి మిగిలే ప్రతి కావచ్చు. అందువల్ల ఉటంకింపులోని పంక్తిని సరిచూడడం వ్యాసాన్ని పత్రికకు పంపేముందు మిగిలిపోయే చివరి పని కాదు. మూల గ్రంథం తెరిచినప్పుడే మొదలుకావలసిన పాఠపరిష్కరణ పని.